సార్ ఆపమన్న రోలు

సార్ పోయారన్న ఫోను వచ్చేసరికి నేను లాబ్‌లో ఫిల్ము ముక్క మీద టేపు అంటిస్తున్నాను. ఫోను చేసింది మా చర్చి అయ్యగారు. "సార్ ప్రభువులో నిద్రించారు బాబూ. తెల్లవారుజామున, ఆస్పత్రిలోనే," అన్నారు. నేను "ఆయ్" అన్నాను. ఫోను జేబులో పెట్టుకుని, అంటించిన టేపు లాగాను. పూత నిలిచింది. ఆ సంగతి రాసి పెట్టాక గాని కుర్చీలో కూలబడలేదు. ఆ కుర్చీ ఆయనది.

మీలో మా చర్చికి వచ్చేవాళ్ళు ఆయన పేరున్న బోర్డు చూసే ఉంటారు. అది ఎందుకలా ఉందనీ, ఎందుకు తీసెయ్యలేదనీ కొందరు నన్నే అడిగారు. అప్పుడు మాట మార్చేశాను. ఇవి ఆయన గురించి రాస్తున్న మాటలే. అయితే ఆయన గురించి రాస్తే ఆ బోర్డు దగ్గరికి రాక తప్పదు.

మా యూనిట్ రాజమండ్రి ఊరి బయట ఉంది. చిప్సు, బిస్కట్లు, కాఫీ పొడి కట్టి అమ్మే కవర్ల లోపలి వైపు తళతళలాడుతుంది చూడండి, ఆ పూత వేయడమే మా పని. పెద్ద ఉక్కు గదిలోంచి గాలంతా తోడేసి, అల్యూమినియం తీగని కాచి ఆవిరి చేస్తాం. పైన పరుగెత్తే పల్చటి పాలిస్టర్ ఫిల్ము మీద ఆ ఆవిరి పేరుకుంటుంది. తల వెంట్రుకని నిలువునా వెయ్యి పొరలుగా చీలిస్తే ఒక పొర ఎంత ఉంటుందో, ఆ పూత ఇంచుమించు అంత ఉంటుంది. మేమంతా దాన్ని వెండి అంటాం. సార్‌కి ఆ మాట గిట్టేది కాదు. "వెండెక్కడిదయ్యా? మీ అత్తారు పెట్టారా? అల్యూమినియం అను," అనేవారు. ఆయన లేనప్పుడు మళ్ళీ వెండే అనుకునేవాళ్ళం. ఇప్పుడు ఆయన ఎప్పటికీ లేరు కాబట్టి ఇక్కడ కూడా వెండి అనే రాస్తాను.

సార్‌ది మొగల్తూరు వైపు ఊరు. ఫిజిక్సు చదివి, కొన్నాళ్ళు కాలేజీలో పాఠాలు చెప్పి, తరవాత మా యూనిట్‌కి లాబ్ ఇన్‌ఛార్జిగా వచ్చారు. అందరిచేతా మంచి అనిపించుకునే రకం కాదు. కోపిష్టి. ఇస్త్రీ చొక్కా నలిగితే ఆ రోజంతా మాకు తిప్పలే. మేము చేసిన పని బాగుందని ఆయన నోట ఎప్పుడూ వినలేదు. బాగుంటే ఊరుకునేవారు. ఆ ఊరుకోవడం కోసం ఎదురు చూసేవాళ్ళం. సోమవారాలు మాత్రం ఇంటినుంచి చేపల పులుసు తెచ్చి, తను తిన్నాక గిన్నె మా వైపు జరిపేవారు. ముందు రోజు వండిన పులుసు మర్నాటికే బాగుంటుందని ఆయన నమ్మకం. పూతకి కూడా అలాగే ఒక రోజు గడువిచ్చేవారు. మెషిన్‌లోంచి రాగానే బాగుందనే మాట ఆయన దగ్గర చెల్లేది కాదు.

ఆయన చొక్కా జేబులో ఎప్పుడూ చిన్న కత్తెర, సెల్లో టేపు చుట్ట ఉండేవి. పూత వేసిన ఫిల్ములోంచి వేలెడు వెడల్పు పట్టీ కత్తిరించి బల్ల మీద వదిలేవారు. అప్పటిదాకా అద్దంలా నున్నగా ఉన్న ఫిల్ము, పక్కల పట్టు వదిలేసరికి మెల్లగా వంగడం మొదలుపెట్టేది. సార్ బల్ల మీద మోచేతులు ఆనించి, "ఏ వైపు వంగింది?" అని అడిగేవారు.

వెండి లోపలికి వచ్చేలా వంగితే, పూత బిగుసుకుని ఫిల్ముని తన వైపు లాగుతోందని అర్థం. ఆ పూత ముందుముందు పగుళ్ళిస్తుంది. వెండి బయటికి ఉండేలా వంగితే, ఫిల్ము ముడుచుకుంటూ పూతని నొక్కుతోందని అర్థం. కాస్త వంగడం ఎప్పుడూ ఉండేదే. ఎంత వంగింది, పూతకి ఫిల్ము మీద ఎంత పట్టుంది, ఈ రెండూ కలిపి చూడాలి. పట్టు బాగుంటే బిగువుని ఓర్చుకుంటుంది. పట్టు తక్కువై బిగువు ఎక్కువైతే ఆ పూత నిలవదు.

ఏ వైపు వంగిందన్నది ఆయనకి ఊతపదం అయిపోయింది. పెళ్ళి భోజనాల్లో విస్తట్లో అప్పడం పడితే తినేముందు ఎత్తి పట్టుకుని చూసేవారు. ఎదురు వరుసలోవాళ్ళు అందులో పురుగేమైనా ఉందా అని తమ అప్పడాలు కూడా ఎత్తి చూసుకునేవారు.

నొక్కుడు పడ్డ పూతకి పట్టు తక్కువైతే ఎలా ఊడుతుందని ఒకసారి అడిగాను.

"మీది వ్యవసాయం ఇల్లేగా?" అన్నారు.

"కూలి ఇల్లండి. పట్టిసీమ దగ్గర."

"అయితే నాకన్నా నువ్వే ఎక్కువ చూసుంటావు. చేలో నీళ్ళు తీసేశాక బురద మీద వానపాము వెళ్ళిన దారులుంటాయి కదా, వంకరటింకరగా? పూత అలా లేస్తుంది. తేమ తగిలితే ఇంకా పాకుతుంది. ఒకసారి మొదలైందా, నువ్వూ ఆపలేవు, నేనూ ఆపలేను."

ఆ పట్టు ఎంతో తేల్చే టేపు పరీక్ష కూడా ఆయనే నేర్పారు. నేను చేరిన కొత్తలో ఒకరోజు ప్లాంటు మేనేజరు గారు పక్కన నిలబడి ఉండగా టేపు అంటించి లాగాల్సి వచ్చింది. పెద్దవాళ్ళ ఎదట కదా అని చప్పుడు కాకుండా, మెల్లగా లాగాను. పూత ఊడలేదు. "పాసయ్యిందండి," అన్నాను. సార్ నా భుజం మీదుగా చూస్తున్నారు.

"ఏంటయ్యా అది, పెళ్ళికూతురి ముసుగు తీస్తున్నావా?" అని, ఆ పక్కనే ఇంకో టేపు ముక్క అంటించి, గోటితో రుద్ది, ఒక్క గుంజు గుంజారు. వెండి మొత్తం టేపుతో వచ్చేసింది. కింద ఫిల్ము గాజులా ఖాళీగా కనిపించింది. మేనేజరు గారు గొంతు సవరించుకుని వెళ్ళిపోయారు.

"టేపుకి మర్యాద తెలీదు. నువ్వు నేర్పకు," అన్నారు సార్. "మన గోదావరోళ్ళందరిదీ ఇదే రోగం. అడిగినవాణ్ణి నొప్పించకూడదని నిజాన్ని కూడా మెల్లగా లాగుతాం."

ఆయన మాత్రం ఎవరి ఎదటా మెల్లగా లాగలేదు. ఒకసారి చిప్సు కంపెనీవాళ్ళు సరుకు చూడడానికి వచ్చారు. కొబ్బరి నీళ్ళు, పూతరేకులు, శాలువాలు అన్నీ అయ్యాయి. పరీక్ష చూపించడానికి నన్ను పిలిస్తే సార్ నన్ను పక్కకి జరిపి తనే లాగారు. వెండి ఊడి వచ్చింది. వచ్చినవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని, శాలువాలు చేతిలో పట్టుకునే కారెక్కారు. మేమంతా నేల చూపులు చూస్తూ నిలబడ్డాం. సేల్సు మేనేజరు అరిచాడు.

"ఇంటికొచ్చిన చుట్టాల ముందు పరువు తీశారు కదండీ!"

సార్ కత్తెర జేబులో పెట్టుకున్నారు. "ఊడితే ఇక్కడే ఊడాలండి. జనం మధ్యలో ఊడితే మొహం ఎక్కడ పెట్టుకుంటాం?"

ఆ మాట అప్పుడు నాకు పొగరులా అనిపించింది.

చర్చిలో కూడా ఆయన అంతే. ఒక ఆదివారం అయ్యగారు ప్రసంగంలో, విశ్వాసం కూడా మన సార్ వేసే పూతలా గట్టిగా అంటుకుని ఉండాలని చెప్పారు. అందరూ తిరిగి సార్ వైపు చూశారు. ఆరాధన అయ్యాక మెట్ల దగ్గర ఆయన అయ్యగారిని ఆపారు.

"విశ్వాసం సంగతి మీరు చెప్పండయ్యగారూ, వింటాను. పూత సంగతి నేను చెప్తాను. అంటుకుని ఉన్నదంతా సుఖంగా ఉన్నట్టు కాదండి. లోపల ఎంత బిగువుందో ఊడేదాకా కనపడదు."

అయ్యగారు నవ్వి, "అయితే వచ్చే వారానికి ప్రసంగం దొరికిందండి," అన్నారు. సార్ నవ్వలేదు. అమ్మగారు, అంటే సార్ భార్య, ఆయన చెయ్యి పట్టుకుని మెట్లు దింపుతూ, "గుడిలో కూడా మొదలెట్టారా మీ అప్పడాలు?" అంది.

ఆయన చివరగా వేసిన పూత కవర్లకి కాదు, అలంకరణ సామానుకి. క్రిస్మసు నక్షత్రాలకి వాడే అద్దం ఫిల్ము. మామూలు కన్నా మందంగా వెయ్యాలి. అప్పటికే ఆయనకి ఒంట్లో బాగుండడం లేదు. అయినా మెషిన్ దగ్గర తనే నిలబడి నడిపించారు. రోలు బయటికి వస్తే మేమంతా దాంట్లో మొహాలు చూసుకున్నాం. అంత మెరుపు మా యూనిట్‌లో ఎప్పుడూ రాలేదు. మర్నాడు సార్ పట్టీ కత్తిరించి బల్ల మీద వదిలారు. వెండి బయటికి ఉండేలా, రింగులా చుట్టుకుపోయింది.

ఫిల్ము పాతది. వానాకాలమంతా గోడౌన్‌లో పడి ఉంది. పూత పట్టుకోవడానికి ఫిల్ము పైభాగాన్ని ముందుగా కరెంటు తగిలించి సిద్ధం చేస్తారు. నిలవుంటే ఆ గుణం చచ్చిపోతుంది. పైగా పూత మందం, వేడి ఎక్కువ. సార్ రోలుకి ఎర్ర కార్డు కట్టించారు. ఎర్ర కార్డంటే బయటికి పంపకుండా ఆపమని. ఆ వారమే ఆస్పత్రిలో చేరారు.

అక్కడినుంచి నాకు ఫోను చేశారు. గొంతు సన్నగా ఉంది. ఆరోగ్యం గురించి అడగనివ్వలేదు.

"ఆ అద్దం రోలు వదల్లేదుగా?"

"లేదండి."

"నేనొచ్చి చూసేదాకా వదలకు."

"ఆయ్, వదలనండి."

ఆయన రాలేదు. భూస్థాపన అయిన మర్నాడు ప్రార్థనకి వాళ్ళింటికి వెళ్ళాను. అమ్మగారు నన్ను వసారాలోకి పిలిచింది.

"నాయనా, సమాధి రాయి చెక్కి రావడానికి చాలా రోజులు పడుతుందంట. ఈలోపు జ్ఞాపకార్థ కూడిక ఉంది కదా. ఆయన చేత్తో చేసింది ఏదైనా ఒకటి చర్చిలో పెట్టగలవా? ఇల్లంతా వెతికితే కత్తెర తప్ప ఏం కనపళ్ళేదు."

నిజమే. ఆయన జీవితమంతా వేసిన పూత చిప్సు తిన్నాక జనం రోడ్డు మీద పారేశారు. తినేసిన కవరు ఎవరు దాచుకుంటారు? అమ్మగారు అడిగేదాకా నాకు ఆ ఆలోచన రాలేదు. ఆయన చేత్తో చేసింది ఈ లోకంలో మిగిలింది ఒక్కటే ఉందని తట్టింది. ఎర్ర కార్డు కట్టి, మా గోడౌన్‌లో ఉంది.

"పెడతానండి. ఆయన చివరగా వేసిందే పెడతాను," అన్నాను.

ఆవిడ కళ్ళు తుడుచుకుని, నా తల మీద చెయ్యి పెట్టింది.

రోలు విప్పమంటే మెషిన్ ఆపరేటరు నా వంక అదోలా చూశాడు. "సార్ ఆపమన్నారు కదండీ?"

"అమ్మకానికి కాదుగా. సార్ పేరుకే."

"సార్ పేరైతే ఊడదా అండీ?"

"నీకెందుకు? విప్పు," అన్నాను. ఆయన కుర్చీలో కూర్చున్నాక ఆయన కోపం కూడా నాకు కొంచెం వచ్చినట్టుంది.

ఫిల్ము ఒక బారెడు కత్తిరించాం. అక్షరాల మీద రంగు కప్పి, చుట్టూ ఉన్న వెండిని కాస్టిక్ నీళ్ళతో కరిగించి, రంగు కడిగేస్తే సార్ పేరు మిగిలింది. గాజులాంటి ఫిల్ము మీద వెండి అక్షరాలు. వెనక నీలం గుడ్డ వేసి, చెక్క చట్రానికి బిగించాం. చూసినవాళ్ళందరూ బాగుందన్నారు. ఆపరేటరు ఏమీ అనలేదు.

బల్ల మీద మిగిలిన పట్టీ ఒకటి వంగుతూ ఉంది. వెండి బయటికి. ఏ వైపు వంగిందో నేను చూశాను. చూసి, అరచేత్తో బల్లకి అదిమాను. చెయ్యి తీస్తే మళ్ళీ వంగుతుందని తెలుసు కాబట్టి కొంచెంసేపు తియ్యలేదు. తరవాత టేపు కూడా అంటించాను. ఆ టేపు ఎలా లాగానో చెప్పనక్కర్లేదు. నెమ్మదిగా, చప్పుడు కాకుండా, ఎవరికో నొప్పి పెడుతుందేమో అన్నట్టు లాగాను. పక్కన పెద్దవాళ్ళెవరూ లేరు. అయినా చెయ్యి అలాగే వెళ్ళింది. పూత ఊడలేదు. పాసయ్యిందని నాకు నేనే చెప్పుకున్నాను.

కూడిక రోజు పొద్దుటినుంచీ వాన. చర్చి నిండా తడి గొడుగులు, తడి బట్టలు. బోర్డు బాగా కనపడాలని ఎవరో దాని మీదకి ఫోకస్ లైటు తిప్పారు. ముందు వరుసలో అమ్మగారు. ఆవిడ వెనక మా యూనిట్‌వాళ్ళు, వాళ్ళ మధ్యలో నేను. పాట పాడుతుండగా ఆవిడ ఒకసారి వెనక్కి తిరిగి, బోర్డు చూపించి, నాకు తల ఊపింది. ఆ తల ఊపడం ఇప్పటికీ నన్ను వదలదు.

అయ్యగారు సార్ జీవితం గురించి చెప్పడం మొదలుపెట్టారు. అప్పుడు మొదటి అక్షరం అంచున చిన్న గీత కనిపించింది. లైటు మెరుపేమో అనుకున్నాను. గీత వంకర తిరిగింది. ఇంకో అక్షరం మీద ఇంకొకటి లేచింది. లైటు వేడికి ఫిల్ము ముడుచుకుంటోంది, తేమకి పట్టు వదులుతోంది. కొంచెంసేపట్లో ఆయన పేరంతా వంకరటింకర దారులు పడ్డాయి. నీళ్ళు తీసేసిన చేను నా కళ్ళముందు ఉంది. నువ్వూ ఆపలేవు, నేనూ ఆపలేను.

పాటలు పాడే ఆడవాళ్ళలో ఒకావిడ, "బోర్డు మీద ఏదో పాకుతుందండి," అని కొంచెం గట్టిగానే అంది. తలలన్నీ అటు తిరిగాయి. అప్పుడే స్టాండు ఫ్యాను గాలి ఇటు మళ్ళింది. పేరు మధ్యలోంచి ఒక రేకు లేచి, గాల్లో తిరిగి, అయ్యగారి తెల్లటి అంగీ మీద వాలింది. వెనక ఎవరో నవ్వు ఆపుకోలేకపోయారు. సేల్సు మేనేజరు నా చెవి దగ్గరకి వంగి, "మన ఫిల్మేనా?" అన్నాడు. అవునని తల ఊపాను. అయ్యగారు అంగీ దులుపుకోకుండా ప్రసంగం కొనసాగించారు. దులుపుకుని ఉంటే బాగుండేది. చివరిదాకా ఆ రేకు ఆయన గుండె మీద మెరుస్తూనే ఉంది. ఎవరో వెళ్ళి లైటు ఆపారు.

భోజనాలకి నేను ఉండలేదు. అమ్మగారికి మొహం చూపించలేక, వానలోనే బండి తీసుకుని వెళ్ళిపోయాను. తరవాత వాళ్ళ వీధిలోంచి వెళ్ళాల్సి వచ్చినా చుట్టూ తిరిగి వెళ్ళాను. చివరికి ఒక సాయంత్రం, చర్చిలో ఎవరూ ఉండరని అనుకుని, బోర్డు విప్పేద్దామని స్క్రూడ్రైవరు పట్టుకుని వెళ్ళాను. అమ్మగారు అక్కడే ఉంది. వాడిన పూలు తీస్తోంది.

"రా నాయనా. కూడిక రోజు నీకోసం విస్తరి వేయించాను. కనపళ్ళేదు."

"అమ్మగారూ, ఇది తీసేస్తానండి," అన్నాను.

"ఎందుకూ?"

అబద్ధం చెప్పడానికి వీలుగానే ఉంది. వాన వల్ల అని అంటే ఆవిడ నమ్మేది. "ఇది సార్ ఆపమన్న రోలండి," అన్నాను. "ఊడుతుందని ఆయనకి తెలుసు. నాక్కూడా తెలుసండి."

ఆవిడ చేతిలో పూలు బల్ల మీద పెట్టింది. "ఆ అద్దం రోలా?"

"అదేనండి."

"ఆస్పత్రిలో రోజూ దాని గోలే. మీరు ముందు లేచి కూర్చోండి, అది ఆ అబ్బాయి చూసుకుంటాడ్లెండి అనేదాన్ని. ఏమన్నారో తెలుసా?" ఆవిడ నా వైపు కాకుండా బోర్డు వైపు చూస్తూ అంది. "'వాడా? నేనుంటే భయానికి ఆపుతాడు. నేను పోతే మర్యాదకి వదిలేస్తాడు' అన్నారు."

ఆవిడ నన్ను ఓదార్చలేదు. తిట్టనూ లేదు. తిట్టినా బాగుండేది.

"నేను అడక్కుండా ఉండాల్సింది," అంది.

"మీ తప్పేం లేదండి. మీరడిగింది న్యాయమే. నేనే చెప్పాల్సింది, ఆయన చేసినవాటిలో మిగిలింది ఇదొక్కటే, ఇది కూడా ఆయన వద్దన్నదేనని."

"చెప్తే నేను బాధపడేదాన్ని."

"అందుకేనండి చెప్పలేదు."

"అదే మరి ఆయనన్నది," అంది ఆవిడ.

నేను స్క్రూడ్రైవరు తీశాను. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది. "ఉండనీ. రాయి వచ్చేదాకా ఉండనీ. ఆయన ఊడుతుందన్నారు, ఊడింది. నున్నగా ఉన్నప్పుడు ఎవరి పేరో అనిపించింది. ఇప్పుడే ఆయన పేరులా ఉంది."

అందుకే ఆ బోర్డు తియ్యలేదు. అడిగినవాళ్ళకి ఇదే జవాబు. ఆవిడ మాటలో క్షమ ఉందో, శిక్ష ఉందో నాకు తెలీదు. అడగలేదు. మిగిలిన రోలు తుక్కులో వేయించాను. ఆపరేటరుతో, నువ్వన్నదే నిజమయ్యా అన్నాను. అతను, "ఆయ్" అని ఊరుకున్నాడు. లాబ్‌లో ఇప్పుడు టేపు గుంజుతూనే ఉన్నాను. ఊడిన రోజు ఊడిందనే చెబుతున్నాను. అది ఆయనకి చేరేది కాదు.

రాయి ఇంకా రాలేదు. ప్రతి ఆదివారం ఆ బోర్డు ఎదురుగా కూర్చుంటున్నాను. దారులు ఒకదాన్నొకటి కలుపుకుంటూ పాకుతున్నాయి. ఆయన పేరు సగానికి పైగా పోయింది. పోయినచోట నీలం గుడ్డ కనిపిస్తోంది. మొన్న ఆదివారం పాట మధ్యలో ఫ్యాను గాలికి చివరి అక్షరం నుంచి ఒక రేకు లేచి, కొంచెంసేపు వెలుతురులో ఆగి, నా పాటల పుస్తకం మీద పడింది. వేలితో తీశాను. చెమట వేలికి అంటుకుపోయింది. జేబురుమాలుతో తుడిచాను. గట్టిగా రుద్దాను. రాలేదు. అంతలో కానుకల సంచి మా వరుసలోకి వచ్చింది. మెరుస్తున్న వేలు లోపలికి ముడుచుకుని, సంచి పక్కవాళ్ళకి అందించాను.